ఆఖరి గల్లీ నీళ్ళు

బస్తీలో ఎవరికి ఎవరితో పడదో నూకరాజుకు తెలియదు గానీ, ఎవరి కుళాయికి ఎన్నో నిమిషంలో నీళ్ళు అందుతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ట్యాంకు దగ్గర వాల్వు తిప్పితే మొదటిదైన పహలీ గల్లీకి రెండు నిమిషాలు. రెండో గల్లీకి తొమ్మిది, మూడో దానికి ఇరవై. ఆఖరి గల్లీకి నలభై. ఆ ఆఖరి గల్లీలో ఆఖరి ఇల్లు తనదే, దాని పక్కది కోటమ్మది.

రాయ్‌పూర్‌లో పట్టాలకు అటువైపున్న ఆ బస్తీని కట్టింది టెక్కలి, పలాస, బొబ్బిలి వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు. నూకరాజు తండ్రి గ్యాంగుమన్. ఆ ఉద్యోగం తండ్రితోనే ఆగిపోయింది. కొడుకు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. రాష్ట్రం కొత్తగా ఏర్పడి ఊరు రాజధాని అయిన రెండో ఏడు నీళ్ళ పనికి మనుషులు కావాలంటే, వాల్వుమన్ దానయ్య దగ్గర చేరాడు. అప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు, కూతురు లహరికి నాలుగేళ్ళు.

దానయ్య చదువుకోలేదు, నోరు మంచిది కాదు, పని మాత్రం దేవుడి పనిలా చేసేవాడు. ఆఖరి గల్లీకి వెళ్ళే గొట్టం పెద్ద మురిక్కాలువలోంచి పోతుంది. సరఫరా ఆగినప్పుడు ఖాళీ గొట్టం చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకని రోజూ తెల్లారగానే కాలువ దగ్గరున్న మూత విప్పి, మొదటి పది నిమిషాల నీళ్ళు కాలువలోకే వదిలేసేవాడు దానయ్య. తర్వాత ఆఖరి ఇంటి దాకా నడిచి వెళ్ళి, కుళాయి కింద గాజు గొట్టం పట్టి, అందులో మందు చుక్కలు వేసేవాడు. నీళ్ళు పచ్చగా మారితే క్లోరిన్ బతికే ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే చచ్చినట్టు. అప్పుడిక ఎవడు అరిచినా వినకుండా వాల్వు కట్టేసి, పంపు గదిలోని పుస్తకంలో వేలిముద్ర వేసేవాడు. మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చేవాడు, తిట్టుకుంటూనైనా వచ్చేవాడు.

ఒకరోజు బద్ధకించి నూకరాజు ట్యాంకు పక్క కుళాయి దగ్గరే చుక్కలు వేశాడు. దానయ్య చూశాడు.

“ట్యాంకు కాడ నీల్లు ఎప్పుడూ బాగానే ఉంటాయిరా. ట్యాంకు కాడ ఎవుడు కాపరం ఉన్నాడు?” అన్నాడు.

నూకరాజు ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆఖరి ఇంటి దాకా నడిచాడు. దానయ్య పోయాక కూడా నడిచాడు. బస్తీలో ఎవరూ నీళ్ళు కాచుకునేవారు కాదు, డబ్బా నీళ్ళు కొనుక్కునేవారు కాదు. “మన నూకరాజు సూస్తన్నాడు కదేటి” అనేవారు. దేవేంద్ర నగర్ కాలనీల్లో మేడల వాళ్ళు గోడకు మిషన్లు తగిలించుకుని నీళ్ళు తాగుతుంటే, వీళ్ళు మనిషిని నమ్ముకుని తాగారు. నవ్వకండి. ఆ పద్నాలుగేళ్ళూ ఆ నమ్మకం ఎవరినీ మోసం చెయ్యలేదు.

రెండు వేల పదహారులో నీళ్ళ పని నిర్మల్‌ధారా అనే కంపెనీకి కాంట్రాక్టు పోయింది. కంపెనీ వాళ్ళు దుర్మార్గులని చెప్పడానికి లేదు. దుర్మార్గులైతే బాగుండును, తిట్టుకోవడానికైనా ఒక ముఖం దొరికేది. వాళ్ళు నీలం చొక్కాలిచ్చారు, జీతం ఏడో తారీకు దాటనిచ్చేవారు కాదు, ఒక్కొక్కరికి ఒక ఫోనిచ్చారు. ఆ ఫోన్లో ఉంది తిరకాసు.

వాల్వు తిప్పిన అరగంటలో పచ్చ నీళ్ళ ఫోటో ఫోన్లో ఎక్కాలి. ఎక్కితే పైన ఆఫీసు గోడ మీది తెరపై ఆ బస్తీకి పచ్చ దీపం. ఎక్కకపోయినా, ఎక్కిన ఫోటోలో నీళ్ళు తెల్లగా ఉన్నా ఎర్ర దీపం. ఎర్ర దీపాలు నెలకు మూడు దాటితే కంపెనీకి వచ్చే బిల్లులో కోత. ఇంకోటి: కాలువలోకి నీళ్ళు వదిలితే దాన్ని వృథా అంటారు. వృథా సున్నా ఉండాలి. కాలువ దగ్గరి మూతకు సీలు వేసి వెళ్ళారు.

నలభై నిమిషాలకు గానీ నీళ్ళు రాని ఇంటి దగ్గర అరగంటలో ఫోటో ఎలా తీస్తారని ఆ లెక్క రాసినవాళ్ళు ఎవరినీ అడగలేదు. అడగడానికి వాళ్ళలో ఒక్కడు కూడా ఆఖరి గల్లీ చూడలేదు.

మొదటి నెల ఫోటో అరగంట దాటినా ఊరుకున్నారు, అందుకని నూకరాజు పాత పద్ధతిలోనే ఆఖరి ఇంటి దాకా నడిచాడు. ఒకనాడు ఆఖరి ఇంటి దగ్గర నీళ్ళు తెల్లగా ఉండిపోయాయి. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పంపి, వాల్వు కట్టేసి, ఫోన్లోనే కంప్లయింటు పెట్టాడు. గొట్టం మార్చాలని. తొమ్మిదింటికి వివేక్ ఫోన్ చేశాడు. వివేక్ ఆ ప్రాంతానికి మేనేజరు, తెలుగువాళ్ళబ్బాయే, పుట్టింది పెరిగింది ఇక్కడే. మర్యాదస్థుడు.

“రాజు అంకుల్, ఎర్ర దీపం ఎందుకు వచ్చిందండీ? ఊరు మొత్తంలో మనదొక్కటే.”

“నీల్లు బాగోలేవు సార్. లైను నాలాలో ఉంది. గొట్టం కుల్లిపోయింది.”

“గొట్టం మన కాంట్రాక్టులో లేదు అంకుల్. అది వేరేవాళ్ళు చూడాలి, నేను పైకి రాస్తాను. మన పని టైముకు ఫోటో. అంతే. మీరు సీనియరు కదా, కాస్త మేనేజ్ చెయ్యండి.”

అబద్ధం చెప్పమని వివేక్ ఏనాడూ అనలేదు, ఆ మాట నిజంగా నిజం. మేనేజ్ చెయ్యమన్నాడు. కంప్లయింటు మర్నాటికల్లా ‘పరిష్కారమైంది’ అని ఫోన్లో కనిపించింది. ఇరవై నాలుగు గంటలు దాటిన కంప్లయింటు దానంతటదే మూసుకుపోయేట్టు పెట్టారట, అలా అయితేనే పరిష్కారాల లెక్క నూటికి నూరు వస్తుంది. నూకరాజు మళ్ళీ పెట్టాడు, మళ్ళీ మూసుకుపోయింది. నాలుగోసారి పెట్టినప్పుడు ఒకే విషయం పదే పదే పెడుతున్నాడని నోటీసు వచ్చింది. వాల్వు కట్టేసినందుకు జీతం కోశారు, నీళ్ళు రాలేదని గల్లీ వాళ్ళూ తిట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

తర్వాతి వారం నుంచి అతను ట్యాంకు పక్క కుళాయి దగ్గరే చుక్కలు వేసి ఫోటో తీయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు చెయ్యి ఆడలేదు. రెండో రోజు కొంచెం ఆడింది. నెల తిరిగేసరికి వాల్వు తిప్పడం, చుక్కలు వెయ్యడం, ఫోటో తియ్యడం, అంతా అయిదు నిమిషాల పని అయింది. మిగతా బస్తీల వాల్వుమన్‌లందరూ ఎప్పటినుంచో అదే చేస్తున్నారని ఆరంగ్ రోడ్డు వైపు పనిచేసే ఒకడు చెప్పి, నువ్వేం హరిశ్చంద్రుడివా అని నవ్వాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది మాత్రం వేరే దారెందుకని నూకరాజు సమాధానపడ్డాడు.

మొదట్లో ఫోటో పంపాక కూడా ఆఖరి ఇంటి దాకా వెళ్ళి, తన తృప్తికోసం చుక్కలు వేసి చూసుకునేవాడు. పది రోజుల్లో ఆరు రోజులు తెల్లగానే ఉండేవి. చూసి ఏం చెయ్యాలో తెలియక, చూడటమే మానేశాడు. మనిషికి ఇంతకంటే సుఖమైన మందు లేదు.

మూడేళ్ళు గడిచాయి. ఒక్క ఎర్ర దీపం లేదు. కంపెనీ ఆ బస్తీకి మొదటి బహుమతి ఇచ్చింది, నూకరాజుకు శాలువా కప్పి ఫోటో తీశారు. గల్లీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. పిల్లలకు అప్పుడప్పుడు విరేచనాలు పట్టుకునేవి, ఎండలెక్కువయ్యాయి అనుకునేవారు.

రెండు వేల పంతొమ్మిది ఎండాకాలంలో లహరికి ఆరో నెల నిండింది. అల్లుడు ధనుంజయ్ బిలాస్‌పూర్‌లో రైల్వే క్లర్కు. మంచి క్వార్టరు, ఆసుపత్రి పక్కనే. అక్కడే పురుడు పోసుకోవచ్చు కదా అన్నాడతను. నూకరాజు భార్య అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు.

“తొలి పురుడు పుట్టింట్లోనే అవ్వాల. నీనింకా బతికే ఉన్నాను” అంది.

తీసుకురావడానికి నూకరాజే వెళ్ళాడు. రైల్లో కూతురు కిటికీ పక్కన కూర్చుని నీళ్ళ సీసా ఎత్తి తాగుతుంటే అతను ఆ సీసానే చూస్తూ ఉండిపోయాడు. ఆ నీళ్ళు బిలాస్‌పూర్ క్వార్టరువి, వాటికేం లేదు. కానీ రేపటినుంచి తాగబోయేవి ఎక్కడివో అతనికి అప్పుడే, ఆ రైల్లోనే తట్టింది.

మర్నాటి నుంచి ట్యాంకు పక్క కుళాయి దగ్గర డబ్బా నింపి సైకిలు మీద ఇంటికి తేవడం మొదలుపెట్టాడు.

“ఇదేటి కొత్తగా?” అంది భార్య.

“డాక్టరు సెప్పింది కదా, కడుపుతో ఉన్న పిల్లకి తాజా నీల్లు పట్టాలని. ఇయ్యే తాగించు. వొంటకీ ఇయ్యే.”

“మన కులాయి నీల్లకేటొచ్చింది?”

“ఏటీ రాలేదు. సెప్పింది సెయ్యి.”

అప్పలనరసమ్మ ఊరుకుంది. మొగుడు కూతురి మీద ప్రేమ కొద్దీ చేస్తున్నాడనుకుంది. కోటమ్మ కూడా అలాగే అనుకుని మురిసిపోయింది. కోటమ్మకు మొగుడు లేడు, కొడుకు ధర్సీవా వైపు ఫ్యాక్టరీలో పని. లహరిని చిన్నప్పుడు సగం పెంచింది ఆవిడే. “బాబంటే అలగుండాల” అని గల్లీ అంతా చెప్పుకుంది. ఆ మాట నూకరాజు చెవిన పడ్డప్పుడల్లా తల దించుకునేవాడు, అదీ వినయం అనుకున్నారు. రెండుసార్లు చెప్పేద్దామనుకున్నాడు, నీళ్ళు కాచుకోండమ్మా అని. ఎందుకంటే? మూడేళ్ళ నుంచి రోజూ బాగున్నాయని ఎందుకు రాశావంటే? ఆ రెండో ప్రశ్న దగ్గరే అతని నోరు మూతపడేది.

ఏడో నెలలో సీమంతం చేశారు. ఆ బస్తీలో ఒక ఆచారం ఉంది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఆ రోజు గల్లీలో ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి వస్తుంది. పిల్ల ప్రతిదీ ఒక ముద్దయినా, ఒక గుటకయినా తీసుకోవాలి, ఏ ఇల్లూ చిన్నబోకూడదు. ఊరు వదిలి ఇంత దూరం వచ్చిన తాతల నాడు, పుట్టింటివాళ్ళు అందుబాటులో లేని ఆడవాళ్ళకు గల్లీనే పుట్టిల్లు కావాలని పెట్టుకున్నది అది. మంచి ఆచారం, దాన్ని ఏమీ అనలేం.

పదకొండు గంటలకు ఇంటి ముందు షామియానా కింద లహరి ఎర్ర చీరలో కూర్చుంది. బూరెలు వచ్చాయి, పులిహోర వచ్చింది, మామిడికాయ పచ్చడి అన్నం వచ్చింది. వండినవాటి గురించి నూకరాజు అంతగా భయపడలేదు. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఒక్కో గిన్నెనూ చూస్తున్నాడు. అప్పుడు కోటమ్మ పెద్ద ఇత్తడి గ్లాసుతో వచ్చింది. అల్లం, కరివేపాకు వేసి చిలికిన పల్చటి మజ్జిగ. ఎండకు చలవ చేస్తుందని పొద్దున్నే చేసి, తడిగుడ్డ చుట్టి పెట్టింది.

“తాగమ్మా. మొత్తం తాగీయాల. నీ కొడుకు సల్లగుంటాడు.”

లహరి గ్లాసు అందుకుంది. నూకరాజు స్టూలు మీంచి సగం లేచాడు. గల్లీ అంతా అక్కడే ఉంది. అందరూ నవ్వుతున్నారు. కోటమ్మ ముఖం వెలిగిపోతోంది. నీ మజ్జిగలో నీళ్ళు మంచివి కావు అనాలి, ఆ తర్వాత ఇంకా చాలా అనాలి.

అతను మళ్ళీ కూర్చున్నాడు. పిల్ల గ్లాసు ఖాళీ చేసి, పెదవి మీది మజ్జిగ చేత్తో తుడుచుకుని, “ఇంకొంచెం ఉందా పిన్నీ?” అంది. కోటమ్మ పరుగున వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చింది.

నెల తిరక్కుండానే గల్లీలో పసికర్లు, అంటే కామెర్లు, మొదలయ్యాయి. మొదట మూడో ఇంటి కుర్రాడికి, తర్వాత వాళ్ళమ్మకు, అలా పదకొండు మందికి. వాళ్ళందరూ మంచం పట్టి లేచారు. ఎనిమిదో నెలలో లహరికి వాంతులు పట్టుకున్నాయి. గర్భిణికి మామూలే అనుకున్నారు. నాలుగో రోజున కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మాట తడబడుతోంది. ఈ రకం కామెర్లు మామూలు మనిషిని వదిలేస్తాయి గానీ కడుపుతో ఉన్నవాళ్ళను వదలడం కష్టమని డాక్టరు చెప్పింది. ఏ నీళ్ళు తాగుతారని అడిగింది.

“మంచి నీల్లే తాగించాం డాక్టరమ్మా. ఈయన రోజూ వేరేగా తెచ్చేవోడు” అంది అప్పలనరసమ్మ.

డాక్టరు నూకరాజు వైపు చూసింది. అతను మందుల చీటీ అందుకుని బయటికి నడిచాడు.

మూడో రోజు ఉదయం లోపలి బిడ్డ పోయాడు. మధ్యాహ్నం లహరి పోయింది. ధనుంజయ్ మామగారిని ఒక్క మాట అనలేదు. గోడకు తల ఆనించి, “అక్కడే ఉంచుదామన్నాను అత్తయ్యా” అని అత్తగారితో అన్నాడు, అంతే. అప్పలనరసమ్మ ఏడుపు ఆ మాటకు మధ్యలో ఆగిపోయింది. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం ఏడవలేకపోయింది.

పదకొండు మందికి కామెర్లు, ఒక చావు అంటే పేపర్లో వచ్చింది. విచారణ అన్నారు. ఇద్దరు అధికారులు ఏసీ గదిలో కూర్చుని ఆఖరి గల్లీ రికార్డు తెరిపించారు. వెయ్యికి పైగా రోజులు, వెయ్యికి పైగా ఫోటోలు, మొదటి నెల తీసేస్తే అన్నీ పచ్చ. ఒక్క కంప్లయింటు పెండింగులో లేదు. నీళ్ళలో దోషం లేదు, వ్యాధి బయటి తిండి వల్ల వచ్చి ఉండవచ్చు అని రాయబోతున్నారని తెలిసి నూకరాజు పదో రోజు కర్మ కాగానే ఆఫీసుకు వెళ్ళాడు.

“ఆ ఫోటోలు ఆఖరి గల్లీవి కావు సార్. అన్నీ ట్యాంకు కాడ తీసినవి. మూడేల్లుగా నానే తీసాను. అబద్దం. గొట్టం మార్పించండి. నా మీద కేసెట్టుకోండి, మార్పించండి” అన్నాడు వివేక్‌తో.

వివేక్ లేచి తలుపు మూశాడు. నీళ్ళు తెప్పించి ఇచ్చాడు, డబ్బా నీళ్ళు. అతని కళ్ళలో నిజంగానే తడి ఉంది.

“అంకుల్, మీ పరిస్థితి నాకు అర్థమవుతుంది. కానీ మీరిలా చెబితే మీ ఒక్కరితో పోదు. ఊళ్ళో డెబ్భై మంది వాల్వుమన్‌లున్నారు. అందరి ఫోటోలూ అబద్ధమే అంటారు. అందరి ఉద్యోగాలూ పోతాయి. కాంట్రాక్టు పోతుంది.”

“పోనీండి సార్. గొట్టం?”

“గొట్టం ఎప్పుడు మారుస్తారు? రికార్డు ఎర్రగా ఉంటేనే. మీది మొత్తం పచ్చగా ఉంది. రికార్డు బాగున్న లైనుకు డబ్బులు ఎవరిస్తారు, చెప్పండి?”

ఇన్నాళ్ళూ తను పంపిన ఒక్కో పచ్చ ఫోటో ఆ కుళ్ళిన గొట్టాన్ని అక్కడే ఉంచడానికి పనికొచ్చిందన్నమాట. ఆ సంగతి అతనికి ఆ కుర్చీలో తెలిసింది. నూకరాజు అదే సంగతి రాసి తెచ్చిన కాగితాన్ని వివేక్ మడిచి సొరుగులో పెట్టాడు, దుఃఖంలో ఉన్నారు, నెల రోజులు సెలవు తీసుకోండి, జీతం కొయ్యం అన్నాడు. మర్నాటి నుంచి శివాజీ అనే మరాఠీ అతను నీలం చొక్కాతో వచ్చి, ట్యాంకు దగ్గర వాల్వు తిప్పి, అక్కడే ఫోటో తీసుకుని, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. విచారణ నివేదికలో ఆఖరి గల్లీ సరఫరా సంతృప్తికరం అని వచ్చింది.

నూకరాజు సెలవులో ఉన్న ఆ రోజుల్లో కోటమ్మ వాళ్ళింటికి రావడం మానేసింది. అన్నం తినడం లేదని ఆవిడ కొడుకు చెప్పాడు. బయటి తిండి వల్ల అని పేపర్లో రాశారట. సీమంతం నాడు ఎవరెవరు ఏం పెట్టారో గల్లీ ఆడవాళ్ళు లెక్కలు తీశారట. చివరకు మాట మజ్జిగ దగ్గర ఆగింది. వండనిది అదొక్కటే. కోటమ్మ గిన్నె శుభ్రంగా కడగలేదేమో అన్నారట ఎవరో.

నూకరాజు ఆ పూటే వెళ్ళాడు. పొద్దున్న ఎనిమిది గంటలు. కోటమ్మ వసారాలో ఇత్తడి గిన్నెలన్నీ బయట వేసుకుని, చింతపండుతో తోముతోంది. అవి అప్పటికే తళతళలాడుతున్నాయి. వేళ్ళు ఒరుసుకుపోయి ఉన్నాయి.

“తప్పు నీది కాదు కోటమ్మా,” అన్నాడు నిలబడే. “నీ గిన్నె మంచిదే. నీల్లే మంచివి కావు. మన లైను మూడేల్లుగా పాడయిపోనాది. నాకు తెలుసు. తెలిసే బాగున్నాయని పంపాను.”

ఆవిడ తోమడం ఆపలేదు. కాసేపటికి ఆపింది. డబ్బా సంగతి ఆవిడకు అప్పుడు అర్థమైంది. అది ముఖంలో కనిపించింది. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని నూకరాజు ఎదురుచూశాడు. అందుకే వచ్చాడు కూడా. ఆవిడ తిట్టలేదు.

“మా అందరి సంగతి ఒగ్గీ అన్నియ్యా,” అంది మెల్లగా. “నీను దానికి మజ్జిగిచ్చినప్పుడు నువ్వు గుమ్మంలోనే కూకున్నావు. నీను సూసాను. సగం లేసావు. మల్లీ కూకున్నావు. ఎందుకు కూకున్నావు?”

ఏదైనా పెద్ద కారణం దొరికితే చెబుదామని వెతికాడు. లేదు.

“అందరూ ఉన్నారు కదమ్మా,” అన్నాడు. “సిగ్గేసింది.”

కోటమ్మ అతని వైపు చూసింది. తర్వాత గిన్నెలు ఒక్కొక్కటీ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. చివరి గిన్నె లోపల పెట్టి వచ్చి, తలుపు మూసుకుంది.